కార్డు మారింది, కంప్యూటర్ లెగలేదు: భావనపాడులో ఒక రాత్రి, దాని వెనక 40 ఏళ్ళ చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక నల్ల స్క్రీన్ ఉంది. దాని వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది.

కథ భావనపాడులో మొదలవుతుంది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఎక్కువమంది బతుకు వేట మీదే. కాస్త లోపలికొస్తే నౌపడ ఉప్పు మళ్ళు, ఇంకాస్త వస్తే టెక్కలి.

మే నెలలో ఒక రాత్రి 10 దాటాక మా చిన్నాన్న కొడుకు వీడియో కాల్ చేశాడు. మొహంలో రక్తం లేదు.

"అన్నియ్యా, కంప్యూటరు లెగట్లేదు. ఫేన్లు తిరుగుతున్నాయి గానీ బొమ్మ రాట్లేదు. ఏటి సేసీది?"

వాడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. పాత గ్రాఫిక్స్ కార్డుతో ఒక్కో వీడియో బయటికి తియ్యడానికి రాత్రంతా పడుతోందని, సెకండ్ హ్యాండ్‌లో ఒక రేడియాన్ ఆర్ఎక్స్ 580 కొన్నాడు. డబ్బులు చిన్నాన్న ఇచ్చారు. ఎప్పుడిచ్చారో చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పడవ ఒడ్డునుంటే ఇంట్లోకి రూపాయి రాదు. అలాంటి రోజుల్లో దాచుకున్నదాంట్లోంచి తీసి ఇచ్చారు.

ఇంకో సంగతి. ఆ కంప్యూటర్ డిస్కులో అప్పటికి ఇంకా ఎవరికీ ఇవ్వని ఒక పెళ్ళి ఉంది. ఆ పెళ్ళిలో అక్షింతలు వేసిన పెళ్ళికూతురి తాతగారు నెల తిరక్కుండా పోయారు. ఆయన నవ్వుతూ కదిలే బొమ్మ అదొక్కటే. వేరే కాపీ లేదు.

"విండోస్ పోయిందంట అన్నియ్యా. డిస్కు ఫార్మాట్ కొట్టి మళ్ళీ వేస్తే సరిపోద్దని ఒకాయన సెప్పినాడు. రేపు తెమ్మన్నాడు."

"ఒరే, ఆగు. డిస్కు జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకు."

ఎందుకు ఆపానో మీకు అర్థం కావాలంటే మనం 1981కి వెళ్ళాలి.

ఆన్ చేసిన క్షణంలో ఏం జరుగుతుంది?

కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వగానే దానికి ఏమీ తెలీదు. విండోస్ అనేది ఒకటుందని కూడా తెలీదు. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 అనే మెషిన్‌కి అయితే, ముందు భాగంలో ఉన్న చిన్న చిన్న స్విచ్చుల్ని పైకీ కిందికీ నొక్కుతూ మొదటి ఆదేశాలు మనిషే ఎక్కించాలి.

మన తెలుగు నేల కూడా ఈ కథలో ఉంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో పేరున్న టీడీసీ వరుస ఆ సంస్థదే. అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక గది, దాన్ని చూసుకోడానికి ఇంజనీర్లు. లెగకపోతే చూసేది వాళ్ళు, మనం కాదు.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. ఇక్కడే లెక్క మారింది. కంప్యూటర్ బల్ల మీదకొచ్చింది, మూత మనమే తీసి కార్డులు మార్చుకోవచ్చు. బోర్డు మీద ఒక చిప్‌లో బయోస్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టారు. ఆన్ చెయ్యగానే అది నిద్ర లేచి, ప్రాసెసర్, మెమరీ, స్క్రీన్ కార్డు ఒక్కొక్కటీ సరిగ్గా ఉన్నాయా అని చూస్తుంది. అన్నీ సరే అనుకున్నాకే డిస్కు వైపు వెళ్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. డిస్కు చివర్లో వస్తుంది.

మరి స్క్రీన్ కార్డే పనిచెయ్యకపోతే? తప్పు జరిగిందని స్క్రీన్ మీద రాయలేదు కదా. అందుకని ఐబీఎం వాళ్ళు శబ్దం పెట్టారు. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వచ్చాయంటే స్క్రీన్ కార్డు తేడా అని అర్థం. నల్ల స్క్రీన్ సమస్య మొదటి పీసీ నాటిదే. ఇంకా చెప్పాలంటే, ఆ పీసీలో నలుపు-తెలుపు కార్డు తీసి రంగుల కార్డు పెడితే బోర్డు మీద చిన్న స్విచ్చులు కూడా మార్చాలి. మర్చిపోతే తిప్పలే.

కార్డుకి సొంత బుర్ర వచ్చింది

1984లో ఐబీఎం ఈజీఏ అనే కార్డు తెచ్చింది. కొత్త కార్డులు వస్తూనే ఉంటాయి, రేపు రాబోయే కార్డు సంగతి నిన్నటి బోర్డుకి ఎలా తెలుస్తుంది? జవాబు: కార్డు తన గురించి తనే చెప్పుకోవాలి. అందుకని ఈజీఏ కార్డు మీదే ఒక చిప్, అందులో సొంత బయోస్ పెట్టారు. బోర్డు ఆ చిప్‌ని వెతికి, దాని మొదట్లో ఉండాల్సిన గుర్తు చూసి, "సరే, నువ్వే మాట్లాడు" అని పగ్గాలు ఇస్తుంది. ఈరోజు మీరు కొనే ప్రతి గ్రాఫిక్స్ కార్డు మీదా అలాంటి చిప్ ఉంది. మా తమ్ముడి కథ తేలింది అక్కడే. దాని దగ్గరికి వద్దాం.

కరెంటు ఆకలి

మొదటి ఐబీఎం పీసీ పవర్ సప్లై ఎంతో తెలుసా? 63.5 వాట్లు. మొత్తం కంప్యూటర్‌కి అంతే, ఒక పాతకాలం బల్బు తినేంత. 2000లో వూడూ 5 5500 కార్డు వచ్చేసరికి స్లాట్ ఇచ్చే కరెంటు చాల్లేదు. పవర్ సప్లై నుంచి విడిగా వైరు పెట్టాల్సొచ్చింది. 2004 నుంచి బోర్డుల్లో కనబడే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ 75 వాట్లు ఇస్తుంది. 6 పిన్నుల వైరు ఇంకో 75, 8 పిన్నుల వైరు 150. మా వాడి ఆర్ఎక్స్ 580కి కంపెనీ చెప్పిన లెక్క 185 వాట్లు. స్లాట్ ఒక్కటే చాలదు, 8 పిన్నుల వైరు ఉండి తీరాలి. ఇప్పుడు 16 పిన్నుల కనెక్టర్ ఒక్కటే 600 వాట్ల దాకా మోస్తుంది. 2022 అక్టోబర్‌లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన నెలలోనే ఆ కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు బయటికొచ్చాయి. సరిగ్గా లోపలిదాకా దిగకపోవడమే వాటిల్లో కనబడిన ఉమ్మడి తప్పని ఎన్విడియా చెప్పింది. 2023లో ఆ కనెక్టర్‌కి మార్పులు చేశారు.

నౌపడ జంక్షన్ పాఠం

ఇప్పుడు మా ఊరి దగ్గర రైలు సంగతి చెప్తాను. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. అదే నౌపడలో మద్రాసు, కలకత్తా పెద్ద లైను కూడా ఉంది, దాని వెడల్పు అయిదున్నర అడుగులు. ఇంజన్ బాగానే ఉంది, పెట్టెలూ బాగానే ఉన్నాయి. కానీ ఈ పట్టాల పెట్టె ఆ పట్టాలెక్కదు. సరుకు దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. 2011కి గానీ గుణుపురం దాకా బ్రాడ్ గేజ్ పూర్తవలేదు.

కంప్యూటర్‌లో కూడా సరిగ్గా ఇదే జరిగింది. 1981 నాటి బయోస్ పాతబడింది. 2005లో కంపెనీలన్నీ కలిసి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి ఒక వేదిక పెట్టుకున్నాయి. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ వచ్చింది. అంటే కంప్యూటర్ లేచేటప్పుడు నడిచే ప్రతి ప్రోగ్రాంకీ నమ్మకమైన సంతకం ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు చిప్‌లో ఉన్నదానికి కూడా. పాత కార్డులు కొత్త బోర్డు మీద నడవడానికి సీఎస్ఎం అనే ఒక సెట్టింగ్ ఉంచారు. నౌపడలో సరుకు మార్చే కూలీలాంటిదన్నమాట. కొత్త బోర్డుల్లో చాలావరకు అది ఆఫ్‌లోనే ఉంటుంది.

అందుకే కార్డు మంచిదే, బోర్డు మంచిదే, అయినా స్క్రీన్ నలుపే అన్న పరిస్థితి వస్తుంది. పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. 2018లో కొన్ని డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లతో బూట్ అయ్యేటప్పుడు బొమ్మ రావట్లేదని, ఎన్విడియా తన పాత కార్డుల చిప్‌లో ప్రోగ్రాం మార్చుకోడానికి ఒక టూల్ విడుదల చేసింది.

మళ్ళీ ఆ రాత్రికి

నేను అడిగిన మొదటి ప్రశ్న: "మానిటర్ వైరు ఎక్కడ పెట్టావు?" కొత్త కార్డుకే పెట్టాడు. చాలామంది వెనక బోర్డుకే వదిలేస్తారు, అది ముందు చూడండి.

రెండోది: "8 పిన్నుల వైరు పెట్టావా? పవర్ సప్లైతో వచ్చినదేనా?" పెట్టాడు, దాంతో వచ్చినదే. ఇది ముఖ్యం. వేరే పవర్ సప్లై వైరు పిన్నులు సరిపోతున్నాయని గుచ్చితే, లోపల లైన్ల వరస వేరుగా ఉండి కార్డు కాలిపోవచ్చు.

మూడోది: "కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కు. లైటు వెలిగి ఆరుతోందా?" ఆరుతోంది. అప్పుడు నాకు సగం ప్రాణం లేచొచ్చింది. అంటే కంప్యూటర్ చచ్చిపోలేదు. లోపల లేచింది, బొమ్మ ఒక్కటే రావట్లేదు.

నాలుగోది: "గోడ స్విచ్ ఆపు. పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకో. క్యాబినెట్ ఇనుము ముట్టుకో. ఇప్పుడు కొత్త కార్డు తీసి పాతది పెట్టు." సముద్రపు గాలి ఊరు కాబట్టి స్లాట్, కార్డు అంచు కూడా చూడమన్నాను. ఉప్పు తేమ, దుమ్ము కలిసి అంచు మీద పొరలా పేరుకుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు. రబ్బరుతో గట్టిగా రుద్దితే బంగారు పూత పోతుంది.

పాత కార్డు పెట్టగానే బొమ్మ వచ్చింది. విండోస్ వచ్చింది. పెళ్ళి ఫోల్డర్ అలాగే ఉంది. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి, తర్వాతే మిగతాది" అన్నాను. అది అయ్యేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

తర్వాత బయోస్‌లోకి వెళ్ళాం. సెక్యూర్ బూట్ ఆన్, సీఎస్ఎం ఆఫ్. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ చేతిలో పెట్టుకోకుండా ఇక్కడ వేలు పెట్టకండి. మా వాడికి ఆ తాళం లేదు. సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్ఎం ఆన్ చేసి, కొత్త కార్డు పెట్టాడు. బొమ్మ వచ్చింది! కానీ డ్రైవర్ ఎంత వేసినా ఎక్కట్లేదు.

అప్పుడు అర్థమైంది. ఆర్ఎక్స్ 580 వచ్చింది 2017లో. అవి క్రిప్టో మైనింగ్ రోజులు. ఎథీరియం తవ్వడానికి ఈ కార్డుల్ని రాత్రీపగలూ నడిపారు. వేగం కోసం చాలామంది కార్డు చిప్‌లో ఉన్న ప్రోగ్రాంని మార్చేశారు. మార్చితే ఏమవుతుంది? సంతకం చెల్లదు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం పద్ధతి మారి కార్డులతో తవ్వడం ఆగిపోయింది. ఆ కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చిపడ్డాయి. ఎక్కడో తవ్వకంలో అరిగిన కార్డు ఒకటి భావనపాడు చేరింది.

"కార్డు పై అంచున చిన్న స్విచ్ ఏదైనా ఉందేమో సూడు."

"ఉంది అన్నియ్యా, గోరంత."

కొన్ని మోడళ్ళలో రెండు చిప్‌లు ఉంటాయి, ఒకటి పాడైతే రెండోది. కంప్యూటర్ పూర్తిగా ఆపి, ఆ స్విచ్ అటు జరిపాడు. రెండో చిప్‌లో కంపెనీ ప్రోగ్రాం చెక్కుచెదరకుండా ఉంది. సీఎస్ఎం మళ్ళీ ఆఫ్, సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్. బొమ్మ వచ్చింది, డ్రైవర్ ఎక్కింది. టైం ఒంటిగంటన్నర.

చూశారా? 1981లో బోర్డు మీద చిన్న స్విచ్. ఇన్నేళ్ళ తర్వాత కార్డు మీద చిన్న స్విచ్.

మీరు పట్టుకెళ్ళాల్సింది

కార్డు మార్చాక కంప్యూటర్ లెగకపోతే, చివరగా మార్చినదాన్నే ముందు అనుమానించండి. పాతది తిరిగి పెట్టి చూడండి. పాతదానితో లేచిందంటే డిస్కు తప్పు కాదు, విండోస్ తప్పు కాదు. ఫార్మాట్ మాట ఎవరన్నా వినకండి. సెకండ్ హ్యాండ్ కార్డు కొంటే నడుస్తుండగా చూసి కొనండి.

ఇంకొకటి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా వైపు తీరం దాటినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. మా తీరంలో ఇళ్ళతో పాటు ఫొటోలు, కాగితాలు, కంప్యూటర్లు కూడా తడిసిపోతాయి. ఒకే చోట ఉన్న జ్ఞాపకం సగం పోయినట్టే లెక్క. రెండో కాపీ ఈరోజే తీసుకోండి.

ఆ పెళ్ళి వీడియో జూన్‌లో ఇచ్చేశాడు. తాతగారు అక్షింతలు వేసే చోట కొంచెం నెమ్మదిగా నడిపించాడట. వేట మొదలయ్యాక చిన్నాన్నకి డబ్బులు తిరిగివ్వబోతే, "ఉంచుకో, మళ్ళీ ఏదో ఒకటి సచ్చిపోద్ది కదా" అన్నారట.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. మీ ఇంట్లో లెగని మెషిన్ ఏదైనా ఉంటే, ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. ఉంటాను మరి.