వెంటిలేటరు చికిత్సలో రోగి ఎత్తు కీలకం

న్యుమోనియా వంటి కారణాలతో ఊపిరితిత్తులు నీరుపట్టి, రక్తానికి తగినంత ఆక్సిజన్ అందించలేని తీవ్ర స్థితిని వైద్యులు ఎ.ఆర్.డి.ఎస్. అని వ్యవహరిస్తారు. ప్రాణాధారమైన వెంటిలేటరే గాలిని అధికంగా పంపిన పక్షంలో ఈ రోగులకు హాని కలిగించగలదు. అమెరికాలో 861 మంది రోగులపై నిర్వహించి 2000 సంవత్సరంలో ప్రచురించిన అధ్యయనం దీనిని నిరూపించింది. అంచనా బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి నిర్దేశించిన వారిలో 39.8 శాతం మంది మరణించగా, 6 మిల్లీలీటర్ల వర్గంలో మరణాలు 31 శాతానికి పరిమితమయ్యాయి. కొత్త ఔషధమేదీ వాడలేదు. గాలి పరిమాణాన్ని, పీడనాన్ని తగ్గించారు, అంతే.

అంచనా బరువును లెక్కించేది ఎత్తు, లింగం ఆధారంగానే. తూకంతో నిమిత్తం లేదు. మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! 165 సెంటీమీటర్ల పురుషుని అంచనా బరువు సుమారు 61.5 కిలోలు, ఆయనకు ఒక్కో శ్వాసకు దాదాపు 370 మిల్లీలీటర్లు చాలు. ఆయన తూకం 90 కిలోలని 540 మిల్లీలీటర్లు నిర్ణయించడం ప్రమాదకరం. అదే ఎత్తున్న స్త్రీకి అంచనా బరువు 4.5 కిలోలు తక్కువ.

అయినప్పటికీ, 50 దేశాలలోని 459 ఐ.సి.యు.లను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కిలోకు 8 మిల్లీలీటర్లు లేదా అంతకు తక్కువ గాలి పొందిన ఎ.ఆర్.డి.ఎస్. రోగులు మూడింట రెండు వంతులకన్నా తక్కువే. 2020లో కోవిడ్ వేళ వెంటిలేటర్ల సంఖ్యపై జరిగినంత చర్చ ఈ అంశంపై జరగలేదు. స్పృహలేని రోగి ఎత్తును పడక మీదనే టేపుతో కొలిచి కేస్ షీటులో నమోదు చేయవచ్చును.