పుణె గ్రామీణ గర్భిణుల పోషణ అధ్యయనం

మహారాష్ట్రలో పుణె నగరానికి దగ్గర్లోని ఆరు పల్లెల్లో 1993లో మొదలైన దీర్ఘకాలిక పరిశోధన ఇది. పేదింటి తల్లి తిండి, చాకిరీ కడుపులోని బిడ్డ ఎదుగుదల మీద ఎలా పనిచేస్తాయో చూడడం దీని ఉద్దేశం. కె.ఇ.ఎం. ఆస్పత్రి పరిశోధన కేంద్రంలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం దీన్ని నడిపింది. గర్భం రాకముందు నుంచే స్త్రీల ఎత్తు, బరువు రాసిపెట్టుకున్నారు. కాన్పు దగ్గర మొదలయ్యే పరిశోధనలకు ఈ వీలుండదు.

ఆ తల్లుల సగటు బరువు సుమారు 42 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. రోజూ తినేది దాదాపు 1,800 కేలరీలు. నెలలు నిండి పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన బిడ్డలది 3.5 కిలోలు. పుణె బిడ్డల్లో పొట్ట చుట్టుకొలత బాగా తగ్గింది, కండ కూడా తక్కువే. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపించే ఒంట్లో కొవ్వు వాటా ఎక్కువన్నమాట. పెద్దయ్యాక మధుమేహానికి పునాది ఇక్కడే పడుతుందా అన్నది యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి వెంటాడిన ప్రశ్న.

గర్భిణి తిన్న మొత్తం కేలరీలకూ, మాంసకృత్తులకూ బిడ్డ బరువుతో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తీసుకున్నవాళ్లకు మాత్రం కాస్త పెద్ద బిడ్డలు పుట్టారు. పొలం పని, నీళ్లు మోయడం వంటి బరువు పనులు ఎక్కువగా చేసినవాళ్ల బిడ్డలు చిన్నగా ఉన్నారు. అలాగని ఘనతంతా ఆకుకూరలకే కట్టబెట్టలేం. పాలూ పండ్లూ కొనగలిగే ఇంట్లో మరికొన్ని వసతులూ ఉంటాయి కదా. దాదాపు మూడింట రెండు వంతుల తల్లుల్లో విటమిన్ బి12 తక్కువగా ఉంది. శాకాహారం, మాంసం అరుదుగా దొరకడం అందుకు ముఖ్య కారణాలు.

గర్భిణి తిండికి నమ్మకాలూ అడ్డొస్తాయి. గర్భిణి కడుపునిండా తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్న భయం దక్షిణాది పల్లెల్లో పాతదే. లేమి ఉన్న ఇంట్లో ఈ నమ్మకం సగం ముద్దకు సాకవుతుంది.

తిండి పెట్టి చూస్తే ఏమవుతుందన్నదానికి హైదరాబాద్ దగ్గరి పల్లెలు కొంత జవాబిచ్చాయి. జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య 29 గ్రామాలను గమనించింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే అందుతున్న ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న-సోయా పిండితో ఉప్మా పెట్టేవారు. మిగతా ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. ఉప్మా అందిన ఊళ్లలో పుట్టిన బిడ్డలు సగటున 61 గ్రాములు ఎక్కువ తూగారు. వాళ్లే కౌమారానికి వచ్చేసరికి పక్క ఊళ్ల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు.