చుట్టింటి వాసాలు, చైత్యగవాక్షం

టెల్కో కాలనీలో ఖడంగాఝార్ బజారు దగ్గర భువనేశ్వరి ఆలయం ఉంది. దక్షిణాది పద్ధతి గోపురం కనుక ఈ ఊరి తెలుగువారికీ తమిళులకూ బాగా తెలిసిన చోటు. మేము వెళ్లింది దర్శనానికి కాదు, ఫోటోల కోసం. ప్రకృతిలోనూ చేతిపనుల్లోనూ కట్టడాల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించే ఆకారాలను ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడటం మాకు కొంతకాలంగా అలవాటు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడే గోపురం మీది ఎత్తుపల్లాలు తెలుస్తాయి. నడినెత్తి ఎండలో అన్నీ చదునైపోతాయి.

గోపురం పైకొన గూడుబండి కప్పులా వంగి ఉంటుంది. దాని రెండు చివరలా గుర్రపు లాడం ఆకారంలో తోరణాలు. శిల్పశాస్త్రం దీన్ని నాసిక అంటుంది, తమిళ శిల్పులు కూడు అంటారు. బౌద్ధ కట్టడాల గురించి రాసేవారు చైత్యగవాక్షం అంటారు. మాలో ఒకరు చూడగానే “ఇది మనదే” అన్నారు. బౌద్ధుల దగ్గర తీసుకున్నదేనని ఆయన భావం. ఆ మాట సగం నిజం. తక్కిన సగాన్ని వెతుక్కుంటూ మేము చాలా దూరం వెళ్లవలసి వచ్చింది.

నిజమైన సగం ముందు చెబుతాం. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యం క్రీస్తు పూర్వపుది. దాని వాకిలి మీద ఇదే లాడపు తోరణం ఉంది. అమరావతి పలకల్లో చెక్కిన భవనాలకూ వంగిన కప్పులూ ఇవే గవాక్షాలూ కనిపిస్తాయి. పల్నాటి చేజెర్లలోని కపోతేశ్వరాలయం వెనుక భాగం గుండ్రంగా, కప్పు ఏనుగు వీపులా ఉంటుంది. అది ఒకప్పటి బౌద్ధ చైత్యమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఏడో శతాబ్దపు మామల్లపురానికి వచ్చేసరికి గవాక్షం చిన్నదై చూరు మీది అలంకారమైంది, అందులోంచి మనిషి ముఖం తొంగిచూస్తుంది. అక్కడి నుంచి ఖడంగాఝార్ దాకా మెట్లు వరుసగానే ఉన్నాయి. ఏ మెట్టుకు ఆ మెట్టు చూపించగలం.

ఇక రెండో సగం. బీహార్‌లో గయకు ఉత్తరాన బరాబర్ కొండలున్నాయి. అక్కడి లోమశ ఋషి గుహ వాకిలి మీద ఏనుగుల వరుసతో చెక్కిన తోరణం ఉంది. రాతిలో మనకు మిగిలిన ఇలాంటి తోరణాల్లో అతి పాతవాటిలో అదొకటి. దాని పక్కనే ఉన్న సుదామ గుహను అశోకుడు తన పన్నెండో పాలనా సంవత్సరంలో దానమిచ్చాడు. ఇచ్చింది భిక్షు సంఘానికి కాదు, ఆజీవకులకు. ఆ గుహ లోపలి గది ఒక గుండ్రటి పూరిల్లు: గడ్డి చూరు ముందుకు వాలినట్టు రాతిని చెక్కారు. అంటే ఈ ఆకారం ఏ మతమూ కనిపెట్టినది కాదు. వెదురునో కర్రనో వంచి, పైన గడ్డి కప్పుకున్న మనుషులది. బౌద్ధులు దాన్ని రాతిలోకి ఎక్కించి వందల ఏళ్లు కాపాడారు. అది చిన్న పని కాదు, కానీ “మనదే” అనడానికి అది చాలదు.

అమరావతిలో ఈ విషయం ఇంకో రకంగా కనిపిస్తుంది. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను దానమిచ్చిన వ్యక్తి పేరు దాని శాసనంలోనే ఉంది: విధికుడు, ఉపాధ్యాయుడు నాగుని కొడుకు, తోలుపని చేసేవాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలు, చుట్టాలు, స్నేహితులు అందరినీ పుణ్యంలో కలుపుకున్నాడు. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేపట్టిన రాజముద్రలో ధర్మచక్రం నడుమ ఉన్నది పూర్ణఘటమే. ముద్రను రోజూ చూసేవారిలో విధికుడి పేరు విన్నవారు ఎందరు?

పోలికను వారసత్వమనుకోవడం సులువు. మేమూ ఆ తప్పు చేశాం. ధనుర్మాసంలో టెల్కో క్వార్టర్ల వాకిళ్లలో వేసిన ఎనిమిది రేకుల తామర ముగ్గును ఫోటో తీసి, అమరావతి పద్మం పక్కన పెట్టి మురిసిపోయాం. నడుమ పదిహేడు వందల ఏళ్లు. ఆ ఎడంలో నిలబెట్టడానికి ఒక్క మెట్టూ లేదు. తామర చెరువులో కూడా అలాగే పూస్తుంది కదా, ముగ్గు వేసిన ఆవిడ దాన్నే చూసి ఉండవచ్చు. ఆ జంటను మా వరుసలోంచి తీసేశాం.

మెట్లు దొరకాలంటే ఎవరో ఒకరు సమయానికి రాసిపెట్టి ఉండాలి. అమరావతి రాళ్లలో ఎన్నో సున్నపు బట్టీల పాలయ్యాయి. 1816 తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు గీసిన బొమ్మల్లో కొన్ని పలకలు ఈనాడు ఎక్కడా లేవు, బొమ్మలే మిగిలాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. 1858లో లినియస్ ట్రైప్ అక్కడ వాటిని ఫోటోలు తీశాడు. ఆ తర్వాత అవి ఓడెక్కి లండన్ వెళ్లాయి. ట్రైప్ తీసినవి తెల్లదొరల కోసం తీసినవే. అయినా ఆ రాళ్లు ఒకప్పుడు ఎలా ఉండేవో చూడాలంటే మనమూ వాటినే తెరవాలి.

టెల్కో తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవారు. ఆ తీరపు ఊళ్లలో వారి తాతలు ఉన్నవి చుట్టిళ్లు: గుండ్రటి మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు కప్పు. సెలవుల్లో వెళ్లినప్పుడు మేము ఒక చుట్టింట్లో చాప మీద వెల్లకిలా పడుకుని ఫోటో తీశాం. వాసాలన్నీ చుట్టూ గోడ మీంచి లేచి నడినెత్తిన ఒకచోట కలుస్తాయి, తెరిచిన గొడుగు లోపలి వైపులా. గుంటుపల్లి చైత్యంలోనూ తల పైకెత్తితే కనిపించేది రాతిలో చెక్కిన ఆ వాసాలే. రాతికి వాసాలతో పనిలేదు. అయినా చెక్కారు. అలాంటి పూరింటిని ఎరిగిన చేతులే ఆ పని చేసి ఉండాలి.

ఈ రెండు ఫోటోలను మాత్రం పక్కపక్కనే ఉంచాం. ఆ ఇంటివారు వచ్చే వేసవికి కప్పు తీసి స్లాబు వేయిస్తామన్నారు. వానకు కారుతుంది, నిప్పుకు భయం, వద్దనడానికి మేమెవరం? కప్పు దించే ముందు కబురు పెట్టమన్నాం. ఒక్కొక్క వాసాన్నీ కొలిచి, కట్లు ఎలా వేశారో దగ్గరగా తీసుకోవాలి.