తలుపు ఎవరికి?

గోడ కట్టే స్తోమత లేక మేం పాత దుప్పటి అడ్డం కట్టుకున్నాం. ఇవతల అబ్బా దోస్తులు, చాయ్; అవతల అమ్మీ, ఆపాలు. దాన్ని చూసి బయటివాళ్లు పరదా అన్నారు. అందులో సగం బీదరికమని వాళ్లకెవరు చెప్పాలి? ఏదేమైనా ఆ దుప్పటి చాటున మనిషి కాసేపు తనలో తాను ఉండేది. కొలువుల్లో చేరాకే మాకు దాని విలువ తెలిసొచ్చింది.

కచేరీల్లో దొరగారి గదికి స్ప్రింగు తలుపులు, బయట స్టూలు మీద బంట్రోతు. దొరను చూడాలంటే చీటీ పంపాలి. గుమాస్తాను చూడాలంటే ఎవరి సెలవూ అక్కర్లేదు. ఇప్పుడు ఆ గుమాస్తాల హాలే అద్దాలు తొడుక్కొని కొత్త నాగరికతగా వచ్చింది.

దీని మూలం వెతుక్కుంటూ పోతే అమెరికాలోని బఫెలోలో తేలాం. లార్కిన్ అనే సబ్బుల కంపెనీకి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఆఫీసు 1906లో పూర్తయింది. నడుమంతా ఖాళీ, పైన అద్దాల కప్పు, గోడల మీద చెక్కిన సుగుణాల పేర్లు. అధికారులు కూడా ఆ నడి హాల్లోనే కూర్చున్నారు కాబట్టి సమానత్వమని మురిసిపోవచ్చు. కానీ గుమాస్తాల కుర్చీలను బల్లలకే బిగించేశారు. కుర్చీ వెనక్కి జరుపుకునే స్వేచ్ఛ కూడా లేదు! 1911లో టేలర్ పుస్తకం వచ్చాక పనివాడి ప్రతి కదలికనూ లెక్కగట్టడం శాస్త్రమైపోయింది.

1950ల చివర పశ్చిమ జర్మనీలో ష్నెల్లె సోదరులు గదులు తీసేసి, బల్లలను గుంపులు గుంపులుగా పరిచి, మధ్యమధ్య పూలకుండీలు పెట్టించారు. హోదాల గోడలు కూలాలన్నది వాళ్ల ఆశ. అది చెడ్డ ఆశేం కాదు. కానీ చప్పుడూ, పక్కవాడి చూపూ ఉద్యోగులకు గిట్టలేదు. 1972 చట్టం పనిచోటు ఎలా ఉండాలన్న విషయంలో అక్కడి కార్మిక మండళ్లను సంప్రదించి తీరాలంది. ఆ దశాబ్దంలో జర్మనీలోనూ స్వీడన్‌లోనూ విడి గదులు మళ్లీ లేచాయి. గోడ కావాలా వద్దా అని అడిగితే పనిచేసేవాళ్లు కావాలన్నారు. మమ్మల్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ కథ ఇంకా విషాదం. హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం 1968లో ఆయన విశాలంగా విచ్చుకునే అడ్డుపలకలు తయారుచేశాడు. మనిషికి కొంత చాటు, కొంత చూపు ఉండాలన్నాడు. యజమానులు వాటినే నలుపలకలుగా మడిచి, ఇరుకు చేసి, వరసల్లో పేర్చారు. అదే క్యూబికల్. 2000లో చనిపోయేలోగా ఆయనే దాన్ని తిట్టిపోశాడు. తర్వాత ఆ పలకలూ పోయాయి. ఎందుకంటే కలిసి మాట్లాడుకుంటారట! హార్వర్డ్‌కు చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో రెండు పెద్ద కంపెనీల ఉద్యోగుల మెడలో పరికరాలు వేసి లెక్క తీశారు. గోడలు తీసేశాక ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి. ఈమెయిళ్లు పెరిగాయి. అందరూ చూస్తుంటే మనిషి నోరు మూసుకుంటాడని తెలుసుకోవడానికి మాకు ఏ పరికరమూ అక్కర్లేకపోయింది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. తర్వాతి ఏళ్లలో మా పిల్లలూ అలాంటి హాళ్లలోకి వెళ్లారు. అక్కడ టిఫిన్ డబ్బా మూత తీస్తే చాలు, ఊరూ పేరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అమ్మీ ఫోన్ చేస్తే ‘సలామలేకుం’ అనాలా, ‘హలో’ అనాలా? జొహర్ నమాజుకు అయిదు నిమిషాలు లేస్తే ఎన్ని తలలు తిరుగుతాయి? ఇది మా ఒక్కరి గోడే అనుకోకండి. కూర పేరు దాచుకునే దళిత మిత్రుడికీ, చంటిబిడ్డ తల్లికీ, అప్పులవాడి ఫోన్‌కు గొంతు తగ్గించేవాడికీ ఆ హాల్లో చాటు లేదు. మేనేజర్‌కు మాత్రం మీటింగు గది ఎప్పుడూ దొరుకుతుంది.

మా చెల్లెలొకతి ఇంటినుంచి ఫోన్ వస్తే లిఫ్టు పక్క మెట్ల మీదికి పోతుంది. ఎప్పుడు పోయినా ఆ మెట్ల మీద అప్పటికే ఇద్దరో ముగ్గురో గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడుతుంటారట.