గోల్డు కార్డూ, రెండు రూపాయల కార్డూ

రాత్రి తొమ్మిదిన్నర. పిళ్ళైచావడిలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన కారు ఆగి ఉంది. తూర్పు వైపు సందులోకి నాలుగడుగులు వేస్తే సముద్రం హోరు. ఒడ్డు ఇంకా కోసుకుపోకుండా పోసిన బండరాళ్ళ మీద అలలు విరిగి పడుతున్నాయి. పాత పాండిచ్చేరి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది ఈ ఊళ్ళోనే. 1984లో పెట్టారు, 2020లో అదే పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయమైంది. యానాం కోటాలో సీటు తెచ్చుకుని గోదావరి ఒడ్డు నుంచి ఇక్కడికొచ్చి చదువుకున్న తెలుగు పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ళలో ఒకాయన ఉద్యోగాలన్నీ తిరిగి, చివరికి కాలేజీ దగ్గరే ఇల్లు కట్టుకున్నారు. కంపెనీ పని మీద తరచూ యూరప్ వెళ్ళొస్తుంటారు. ఈ రాత్రి మనం ఆయన వెంట వెళ్తున్నాం.

డిక్కీలో పెట్టె పెట్టి, వెళ్దామా అని డ్రైవర్ తమిళంలో అడుగుతాడు, "సార్, పోలామా?"

తెల్లవారుజామున చెన్నైలో గల్ఫ్ విమానం. మూడు గంటల రోడ్డు. పుదుచ్చేరి లాస్‌పేటలో విమానాశ్రయం ఉంది కదా, అంత దూరం ఎందుకంటారా? ఉంది. ఆగిపోయిన సర్వీసులు 2024 డిసెంబరు 20న ఇండిగో రాకతో మళ్ళీ మొదలయ్యాయి, హైదరాబాద్‌కీ బెంగళూరుకీ. అయితే వచ్చేది ఏటీఆర్. రెక్కలకి పంకాలున్న చిన్న విమానం, 78 సీట్లు, అన్నీ ఒకటే తరగతి. హైదరాబాద్ వెళ్ళి అక్కడ విదేశీ విమానం ఎక్కొచ్చు గానీ, టికెట్లు వేర్వేరుగా తీసుకుంటే చిక్కే. మొదటిది ఆలస్యమైతే రెండోది చేజారినట్టే. అందుకే ఆయన రోడ్డునే నమ్ముకుంటారు.

కాలాపేట దాటాక చీకటి చిక్కబడుతుంది. వెనక సీట్లో ఆయన ఫోన్ వెలుగొక్కటే. తెరమీద విమాన సంస్థ యాప్, అందులో ఎగిరినకొద్దీ నిండే ఒక గీత, ముప్పాతిక వంతు నిండి ఉంది. దాని కింద 'గోల్డ్'. ఆ గీత ఏడాది చివరికి నిండకపోతే సిల్వర్‌కి దించేస్తారు. "నిండుతుందిలెండి, పోయినేడు నిండదనుకుంటే కూడా నిండింది," అంటారు. ఎలా నిండిందని అడిగితే నవ్వుతారు. డిసెంబరులో పని లేకపోయినా ఒక ప్రయాణం పెట్టుకున్నారట, తిన్నగా కాకుండా చుట్టు తిరిగి. లోకమంతటా ఈ తిరుగుడు తిరిగేవాళ్ళున్నారు. మైలేజ్ రన్ అంటారు దాన్ని.

మరక్కాణం వస్తుంది. అటూ ఇటూ ఉప్పు మళ్ళు, గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు హెడ్‌లైట్లలో మెరిసి వెనక్కి పోతాయి. ఆయన చెప్పుకొస్తుంటారు. ఈ లెక్క ఇప్పటి రూపంలో మొదలైంది 1981 మే 1న, అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెట్టిన 'అడ్వాంటేజ్' పథకంతో. అమెరికాలో విమాన చార్జీల మీద ప్రభుత్వ కట్టడి అంతకు మూడేళ్ళ ముందే సడలింది. ఎవరికి తోచిన ధర వాళ్ళు పెడుతుంటే ప్రయాణికులు చవగ్గా దొరికిన చోటికి పోతున్నారు. వాళ్ళని పట్టి ఉంచాలంటే ఏదో ఒక ఎర కావాలి. ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు ఖాతాలో పడతాయి, పోగయ్యాక ఉచిత టికెట్టో పై తరగతి సీటో తీసుకోవచ్చన్నారు. ఎయిరిండియా 'ఫ్లయింగ్ రిటర్న్స్' 1994లో వచ్చింది, ఇప్పుడు దాని పేరు మహారాజా క్లబ్.

"అప్పట్లో దూరాన్ని లెక్కేసేవాళ్ళు. ఇప్పుడు మనం కట్టిన డబ్బుని లెక్కేస్తున్నారు."

నిజమే. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో, మన ఎయిరిండియా 2024లో దూరాన్ని వదిలి టికెట్ ధరకి మారాయి. అదే విమానంలో అదే దూరం వెళ్ళినా, ముందు కూర్చున్నవాళ్ళ ఖాతాలో బోలెడు పడతాయి, వెనక చవక టికెట్టు మీద ఉన్నవాళ్ళకి చిల్లర రాలుతుంది.

మామల్లపురం పక్కనుంచి పోయి, కోవళం దాటి, ఊరి దీపాల్లోకి వచ్చేసరికి పన్నెండున్నర. 2023లో తెరిచిన కొత్త టెర్మినల్ ముందు కారు ఆగుతుంది. తోపుడు బండ్ల గోల. తాడు కట్టిన అట్టపెట్టెల మీద మార్కర్‌తో రాసిన పేర్లు, ఊళ్ళు. చెకిన్ దగ్గర ఎకానమీ వరస పాములా మెలికలు తిరిగి ఉంది. ఆయన దాన్ని పట్టించుకోకుండా ఎర్ర తివాచీ పరిచిన ఖాళీ వరసలోకి నడుస్తారు. గోల్డ్ కార్డు సుఖం మొదట తెలిసేది ఇక్కడే: ముప్పావు గంట కలిసొచ్చింది.

"అప్‌గ్రేడ్ ఏమైనా ఉంటుందామ్మా?"

కౌంటర్లో అమ్మాయి కీబోర్డు మీద టకటకా కొట్టి, "ఫ్లైట్ ఫుల్ సార్, గేట్ దగ్గర చెప్తారు," అంటుంది. ఆమెకి కనిపిస్తున్న తెర మనకీ కనిపిస్తే ఆయన ఆశ ఎంత పలచనో తెలిసేది. పై తరగతికి ముఖ్యమైన దారులు మూడు. పోగేసిన మైళ్ళు ఇచ్చి వెళ్ళడం ఒకటి. కంపెనీ తీసిన అడుగు ధర టికెట్టుకి ఈ వెసులుబాటు ఉండదు. ఈయన టికెట్టు అలాంటిదే. రెండోది వేలంపాట. ప్రయాణానికి కొద్దిరోజుల ముందు మెయిలొస్తుంది, పై సీటుకి ఎంతిస్తారో మీరే చెప్పండని. ఎక్కువ పాడినవాడిదే సీటు. మూడోది మాత్రమే ఉచితం. ఎకానమీలో ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మేసి, అందరూ వచ్చేస్తే ఎవరో కొందరిని ముందుకి జరపాలి. అప్పుడు కార్డు హోదానీ టికెట్టు ధరనీ బట్టి పేర్లు ఏరతారు. అంటే ముందున్న సీట్లు డబ్బుకి అమ్ముడుపోగా మిగిలితేనే, అదీ వెనక చోటు చాలకపోతేనే, మర్యాద మన దాకా వస్తుంది.

ఇమిగ్రేషన్ దాటి లాంజ్ దగ్గరికి వెళ్తే, ఇక్కడ కార్డులో బంగారం వెలిసిపోతుంది. తలుపు బయట ఇరవై మంది వరస కట్టి ఉన్నారు. గోల్డ్ వాళ్ళకి వేరే వరస లేదు.

1939లో న్యూయార్క్ లాగార్డియాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్మిరల్స్ క్లబ్' తెరిచినప్పుడు, సంస్థ ఎంచి పిలిచినవాళ్ళకే లోపలికి ప్రవేశం. చాలా ఏళ్ళకి సభ్యత్వాన్ని డబ్బుకి అమ్మడం మొదలైంది. 1992లో ప్రయారిటీ పాస్ వచ్చాక ఏ విమానమెక్కినా సరే, ఒక్క కార్డుతో ఎన్నో సంస్థల లాంజ్‌ల్లోకి వెళ్ళే వీలు కలిగింది. మన దేశంలో ఆ పని బ్యాంకులు చేశాయి. క్రెడిట్ కార్డుకి, ఆఖరికి డెబిట్ కార్డుకి కూడా లాంజ్‌ని తాంబూలంలా పెట్టి ఇచ్చాయి. మిషన్ మీద గీకితే చాలా కార్డుల్లో కోత రెండు రూపాయలు. ఆ కిటుకు అందరికీ తెలిసిపోయింది, బ్యాంకులకి బిల్లు వాచిపోయింది. ఇప్పుడు చాలా కార్డులకి షరతు: కిందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. మన ముందున్న కుర్రాడి కార్డు రెండుసార్లు 'డిక్లైన్డ్' అంటుంది. వాడు ఇంకో కార్డు తీస్తాడు, మరొకటి తీస్తాడు. నాలుగోది పలుకుతుంది.

లోపల పెళ్ళిలో రెండో బంతి సమయం. కుర్చీల వెనక నిలబడి, తింటున్నవాళ్ళు ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నారు జనం. రాత్రి ఒంటిగంటన్నరకి ఇడ్లీ, పొంగలి, సాంబారు, మూత తీయగానే కళ్ళద్దాలు మసకబారే పొగ. సాంబారు గరిటె గిన్నెలో మునిగిపోతే వంటాయన పట్టకారుతో పైకి తీస్తున్నాడు. మూలన ఒకాయన కండువా మొహమ్మీద కప్పుకుని గురక పెడుతున్నాడు. మనకి ఒక బల్ల దగ్గర రెండు కుర్చీలు దొరుకుతాయి. ఎదురుగా ఒక నడివయసు మనిషి, ప్లేటులో నాలుగు వడలు. మనాయన ఫోన్‌లో తెలుగు మాట్లాడటం వినపడగానే తలెత్తుతాడు.

"ఏ ఊరండీ మనది?"

"యానాం."

"ఆయ్, మాది తాళ్ళరేవండి!" ప్లేటు పక్కకి జరిపేస్తాడు. రాజమండ్రిలో విమానమెక్కి చెన్నై దిగాడట. దుబాయ్‌లో టైల్స్ పని. రెండేళ్ళకోసారి ఇంటికొచ్చి వెళ్తుంటాడు. లాంజ్‌లోకి ఎలా వచ్చారంటే, బ్యాంకు వాళ్ళిచ్చిన కార్డు జేబులోంచి తీసి చూపిస్తాడు. "మా మేనల్లుడు చెప్పాడండి, రెండు రూపాయలకి టిఫినని. ఇదే మొదటిసారి."

గోల్డ్ కార్డు, రెండు రూపాయల కార్డు ఒకే బల్ల మీద, ఒకే పొంగలి. మనాయన మొహంలో చిన్నబుచ్చుకున్న జాడ ఒక్క క్షణం కనిపించి పోతుంది. లేచి వెళ్ళి ఇద్దరికీ కాఫీ పట్టుకొస్తారు.

చూడగా చూడగా తేడా ఒకటి తెలుస్తుంది. లాంజ్ అనేది లెక్కలో వేసుకోదగ్గ వస్తువు. మూడు గంటలు కారులో కుదేలై వచ్చినవాడికి మొహం కడుక్కునే చోటు, ఫోన్‌కి చార్జింగ్, వేడి టిఫిను. కిక్కిరిసినా, కార్డు పలికితే ఆ మాత్రం దొరుకుతుంది. అప్‌గ్రేడ్ సంగతి అలా కాదు. దానికి మన తరఫున హామీ ఇచ్చేవాడెవడూ లేడు. విచిత్రంగా, కిందికి దింపితేనే మనకి హక్కు. కొన్న తరగతిలో కాకుండా కింది తరగతిలో కూర్చోబెడితే దేశీయ ప్రయాణానికి పన్నులతో సహా టికెట్టు ధరలో 75 శాతం, విదేశీ ప్రయాణానికి దూరాన్ని బట్టి 30, 50, 75 శాతం వెనక్కివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. పైకి ఎక్కించడం మాత్రం వాళ్ళ దయ. అందుకని కాళ్ళు చాపుకోవాల్సిన ప్రయాణమైతే ఆ సీటే కొనుక్కోవాలి. లేదంటే వెనక సీటుకి మనసు ముందే సిద్ధం చేసుకోవాలి.

మూడింటికి గేటు దగ్గర జనం. బోర్డింగ్ పాస్ పెట్టగానే మిషన్ పచ్చలైటు వేసి పంపిస్తోంది. ఉన్నట్టుండి ఎర్రలైటు, కీచుమని చప్పుడు. గేటు ఉద్యోగి పాత పాస్ చింపి కొత్తది అచ్చు తీస్తాడు. సీటు మారింది, ముందుకి! వరసంతా మెడలు చాచి చూస్తుంది. ఒక కొత్త జంట. పిల్ల గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. "బిడ్ వేశాం అంకుల్, వచ్చేసింది," అంటాడు కుర్రాడు, అడగనివాళ్ళకి కూడా.

మనాయన పాస్ పెడతారు. పచ్చలైటు.

ఆయన పెద్దగా నిట్టూర్చలేదు. ఏరోబ్రిడ్జి వాలులో వరస మళ్ళీ ఆగితే, పక్కనే ఉన్న తాళ్ళరేవు మనిషి అడుగుతాడు, "ఆ గోల్డు కార్డు మాలాటోళ్ళకి ఇస్తారాండీ?"

"రెండేళ్ళకోసారి ఎక్కితే గోల్డు రాదండి. కానీ మీ ఇంట్లో ఇంకెవరైనా అటు ఉన్నారా?"

"తమ్ముడు, బావమరిది, మా పెద్దోడు. ముగ్గురూ అక్కడేనండి."

ఆయన ఫోన్ తీస్తారు. చాలా సంస్థల్లో కుటుంబమంతా మైళ్ళు ఒకే ఖాతాలో పోసుకోవచ్చు. ఇంటివాళ్ళవన్నీ కలిస్తే గడువు తీరేలోగా ఒక టికెట్టుకి కాకపోయినా అదనపు సామానుకో, టికెట్టులో కొంత భాగానికో పనికొస్తాయి. సభ్యత్వం ఉచితమే. చిక్కల్లా పేరు దగ్గర. మన ఇళ్ళల్లో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట చివర్న రాస్తారు. పాస్‌పోర్టులో, టికెట్టులో, ఖాతాలో ఒకేలా లేకపోతే మైళ్ళు పడవు. పాస్‌పోర్టు తెరిపించి, ఒక్కో అక్షరం చూసి కొడతారు. ఓటీపీ వస్తుంది. సభ్యత్వ సంఖ్య వస్తుంది.

"ఇదివరకు ఎక్కిన ట్రిప్పులకి కూడా వేస్తారాండీ?"

"కొద్ది నెలల్లోపువైతే అడగొచ్చు."

"ఈ కంపెనీలో ఎక్కి రెండేళ్ళయిందండి."

"అయితే ఈ రాత్రి నుంచే మీ లెక్క. మీవాళ్ళ ముగ్గురినీ కూడా చేరమనండి, టికెట్టు తీసేటప్పుడే ఏజెంటుకి ఎవరి నంబరు వాళ్ళని ఇవ్వమనండి."