స్తన పరిమాణాన్ని తగ్గించే శస్త్రచికిత్స: చారిత్రక పరిణామం

స్తనభారం వల్ల మెడ, భుజాలు, వెన్ను నొప్పులతో బాధపడే స్త్రీలకు చేసే శస్త్రచికిత్సను సౌందర్యచికిత్సగా మాత్రమే భావించడం పరిపాటి. ఈ చికిత్సాచరిత్ర ఆ భావన అసమగ్రమని తెలుపుతుంది. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

క్రీ.శ. 7వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు పౌలస్ ఈజినెటా పురుషుల స్తనవృద్ధికి శస్త్రచికిత్సను వర్ణించాడు. స్త్రీల విషయానికి వస్తే, 1897లో ఫ్రెంచి వైద్యుడు పూసాన్ స్తనం పైభాగంలోని చర్మాన్ని, కొవ్వును తొలగించాడు. అయితే కణజాలాన్ని ఎక్కువగా తొలగిస్తే చనుమొనకు రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉండేది. 1922లో షికాగో వైద్యుడు మాక్స్ థోరెక్ చనుమొనను పూర్తిగా వేరుచేసి, తిరిగి అతికించే పద్ధతిని ప్రతిపాదించాడు. చనుమొన బ్రతికినా స్పర్శజ్ఞానం తగ్గేది, పాలిచ్చే అవకాశం పోయేది. చనుమొన చుట్టూ ఉన్న లోచర్మాన్ని నిలిపి ఉంచితే రక్తప్రసరణ కొనసాగుతుందని 1930లో ష్వార్జ్‌మన్ చూపాడు. ఈ చరిత్రలో ఇది కీలకమైన మలుపు. 1956లో రాబర్ట్ వైజ్ కోతను ముందుగానే కొలిచి గీసుకొనే నమూనాను అందించాడు. లంగరు ఆకారపు మచ్చ ఈ విధానం మిగిల్చే గుర్తు.

మచ్చ ఎంత మిగులుతుంది, స్పర్శ ఉంటుందా, బిడ్డకు పాలివ్వగలనా అని నేటి స్త్రీ వైద్యుని అడుగుతుంది. మచ్చలు క్రమంగా పలచబడినా పూర్తిగా పోవు. స్పర్శ, పాల ఉత్పత్తి కొందరిలో తగ్గవచ్చు. నొప్పి మాత్రం చాలామందికి ఉపశమిస్తుంది. తొలగించవలసినదాని కంటే నిలుపవలసినదాని గురించిన అన్వేషణే ఈ చికిత్సను ముందుకు నడిపింది.