బేస్ తక్కువున్న పెట్టె గెలిచిందెలా?

1978లో యమహా ఎన్ఎస్-10ఎం అనే చిన్న స్పీకర్‌ను విడుదల చేసింది. అకిరా నకమురా దాన్ని ఇళ్లలో పాటలు వినేవాళ్ల కోసం రూపొందించారు. వాళ్లకది నచ్చలేదు. బేస్ పలచగా ఉందని, గొంతులు ముందుకు తోసుకొస్తున్నాయని పెదవి విరిచారు. అదే పెట్టె 1980ల్లో ఎన్నో దేశాల స్టూడియోల్లో మిక్సింగ్ కన్సోల్ మీదికెక్కింది. దాని తెల్ల కోను కనిపించని స్టూడియో అరుదైపోయింది. కింది స్థాయి శబ్దాలు సరిగా పలకని స్పీకర్‌ను నమ్మి, కిక్ డ్రమ్‌నీ బేస్ గిటార్‌నీ అంత పక్కాగా ఎలా తూచగలిగారు?

తేలిగ్గా తోచే జవాబు ఫ్యాషన్. బాబ్ క్లియర్‌మౌంటన్ వంటి పేరున్న ఇంజనీర్లు వాడారు, మిగతావాళ్లు అదే దారి పట్టారు. అది ఎలా వ్యాపించిందో చెప్పడానికి ఇది చాలు. కానీ మిక్స్ బయట తేలిపోతే ఇంజనీర్‌కి మళ్లీ పని రాదు. పనికిరాని పరికరాన్ని ఇరవై ఏళ్లపాటు ఎవరూ మోయరు.

రెండో జవాబు స్టూడియోల్లో అందరి నోటా వినిపించేదే: ‘దీంట్లో బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది’. నిజమే అనుకుందాం. మరి నాసిరకం స్పీకర్లు మార్కెట్లో కొల్లలుగా ఉండగా, ఈ పీట ఎన్ఎస్-10 ఒక్కదానికే ఎందుకు దక్కింది?

పై స్థాయి శబ్దాలు పలికించే ట్వీటర్ ముందు ఇంజనీర్లు అతికించిన టిష్యూ కాగితం గురించి చాలా కథలున్నాయి. ఆ కాగితం తగ్గించేది పై స్థాయి శబ్దాలనే. బేస్ చిక్కుముడికి దాంతో సంబంధం లేదు.

స్పీకర్ పెట్టిన చోటులో కొంత సమాధానం దొరుకుతుంది. ప్రతిధ్వని లేని గదిలో కొలిస్తే దీని బేస్ క్రమంగా జారిపోతుంది. కన్సోల్ మీద పెడితే ఆ ఉపరితలం ఆసరాతో కొంత పుంజుకుంటుంది. అయితే కన్సోల్ మీద వేరే స్పీకర్లనూ పెట్టారు కదా!

అసలు ఆధారం పెట్టె నిర్మాణంలో ఉంది. ఎన్ఎస్-10 పూర్తిగా మూసిన పెట్టె. చిన్న స్పీకర్లలో చాలావాటికి బేస్ పెంచడానికి ఒక రంధ్రం ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు, ఆ రంధ్రంలోని గాలి ఒక స్థాయి దగ్గర మోగుతుంది. బేస్ పెరుగుతుంది. కానీ పాటలో స్వరం ఆగాక కూడా ఆ మోత కాసేపు సాగుతుంది.

2001లో, ఎన్ఎస్-10 తయారీ ఆగిన ఏడాదే, ఫిలిప్ న్యూవెల్, కీత్ హాలండ్, జూలియస్ న్యూవెల్ ఇతర స్టూడియో స్పీకర్లతో (మానిటర్లతో) పోల్చి దీన్ని కొలిచారు. కింది స్థాయి శబ్దం ఇందులో చప్పున అణిగిపోతోందని తేలింది. ముడి అక్కడ వీడింది. బేస్ పరిమాణం తక్కువే, కానీ అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మోత సాగే స్పీకర్‌లోనైతే కిక్ తోక పాటదో పెట్టెదో తేలదు. లేని లావును చూసి ఇంజనీర్ ఉన్న బేస్‌ను కోసేస్తాడు.

దీనికీ హద్దుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత లోతు ఈ చిన్న పెట్టెకు అందదు. అక్కడ పెద్ద మానిటర్లతో సరిచూసుకోక తప్పదు.

ఇంటి గదిలో మిక్స్ చేసేవాళ్లకు ఈ కథ నేరుగా పనికొస్తుంది, ఎందుకంటే గది కూడా మోగే పెట్టే. 4 మీటర్ల పొడవున్న గది 43 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. స్పీకర్ వెనక గోడకు 1 మీటరు దూరంలో ఉంటే, వెనక్కి వచ్చిన అల 86 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని మింగేస్తుంది. ఆ గుంటను ఈక్వలైజర్‌తో పూడ్చలేం. ఎంత పెంచితే అంతా రద్దవుతూనే ఉంటుంది. స్పీకర్‌ను గోడకు దగ్గరగా జరపాలి, మూలల్లో బేస్‌ను పీల్చే దళసరి రాతి ఉన్ని బేస్ ట్రాప్‌లు నిలపాలి, మైకుతో మళ్లీ కొలవాలి. కొలిచేటప్పుడు గ్రాఫ్‌లో గీత ఎంత చదునుగా ఉందో చూసి ఆగిపోకండి, ప్రతి స్వరం ఎంతసేపట్లో అణిగిందో కూడా చూడండి. సబ్‌వూఫర్ కొనాలా వద్దా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.